పగడపు దిబ్బలూ సున్నపు బట్టీలూ

మాది దాచేపల్లి. నాగులేటి ఒడ్డున పుట్టినవాడికి సున్నపురాయి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కాలి కింద నాపరాయి, గోడకు సున్నం, పక్కనే పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. సంక్రాంతికి ముందు కుండలో సున్నం వేసి నీళ్ళు పోస్తే బుసబుసా ఉడికేది. ఆ వేడి ఎక్కడిదని చిన్నప్పుడు నేనడగలేదు. బట్టీ మంట రాయిలో దాచిపెట్టిన వేడి అది అని తర్వాత తెలిసింది.

ఈ రాయి సముద్రంలో ఏర్పడిందని విన్నప్పుడు పగడపు దిబ్బేమో అనుకున్నాను. అది పొరపాటు. పల్నాటి సున్నపురాయి పగడపు జీవి పుట్టకముందే, అతి పురాతన సముద్రంలో పేరుకున్నది. పగడంతో దీనికి పుట్టుకలో చుట్టరికం లేదు. చుట్టరికం బట్టీలో ఉంది.

మన కావ్యాలు పగడాన్ని పెదవికి ఉపమానం చేశాయి, నవరత్నాల్లో చేర్చాయి. నిజానికి పగడపు దిబ్బ కట్టేది ఒక అల్పజీవి. వేలాది ఏళ్ళు, తరం మీద తరం, తన ఒంటి చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటూ పోతుంది. ఆ గూళ్ళ పోగే దిబ్బ. అలల దెబ్బను తీరానికి తగలకుండా కాచేదీ, చేపలకు నీడనిచ్చేదీ అదే.

1836 ఏప్రిల్ 29న డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడ మారిషస్ చేరింది. పగడపు దిబ్బల పుట్టుక మీద ఆయన పుస్తకం 1842లో వచ్చింది. డార్విన్ ఆ దీవిలో దిబ్బలు చూస్తున్న కాలంలోనే మన దేశం నుంచి ఒప్పంద కూలీలు అక్కడ దిగుతున్నారు. 1834లో మొదలైన ఆ వలసలో తెలుగువాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళను అక్కడ 'కోరంగివాళ్ళు' అన్నారు. వాళ్ళను తీసుకుపోయింది చెరకు తోటలకు. చెరకు రసం తేటపడాలంటే సున్నం కావాలి. బెల్లం వండే మన రైతుకూ ఈ సంగతి తెలుసు. మారిషస్‌లో ఆ సున్నం పగడాన్ని కాల్చి తీశారు. తోటలో మనిషి, సముద్రంలో పగడం, ఇద్దరూ ఒకే చక్కెర బస్తాలోకి అరిగిపోయారు. ఆ దీవి తీరపు కయ్యల్లో ఇసుక తవ్వకాన్ని 2001లో గాని నిషేధించలేదు.

మన ఇరుగు తీరం మన్నారు సింధుశాఖ కథ కూడా ఇలాంటిదే. దశాబ్దాల పాటు తూత్తుకుడి ప్రాంతంలో పగడాన్ని పెళ్ళగించి ఇళ్ళకూ, సున్నానికీ, పరిశ్రమలకూ వాడారు. దిబ్బ పోతే దీవి నిలవదు. పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు చిన్న దీవులు నీట మునిగాయి. 1986లో జాతీయ సముద్ర పార్కు ప్రకటించినా తవ్వకం ఆగలేదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత, 2005లో ఆగింది. అప్పుడు 37 శాతం ఉన్న సజీవ పగడం 2009 నాటికి దాదాపు 43 శాతానికి పెరిగింది. మనిషి చెయ్యి తీస్తే సముద్రం తన గాయాన్ని తాను మాన్చుకోగలదని దీనివల్ల తేలింది.

అయితే కథ ఇక్కడితో ముగిస్తే అబద్ధమవుతుంది. 2010లో నీళ్ళు వేడెక్కాయి. వేడి మితిమీరితే పగడపు జీవి తనలో కాపురమున్న నాచును బయటికి నెట్టేస్తుంది. రంగుతో పాటు తిండీ పోయి తెల్లబడుతుంది. ఆ ఏడు సజీవ పగడం 33 శాతానికి పడిపోయింది. 2016లో మళ్ళీ దెబ్బ తగిలింది. 2023లో మొదలైన తెల్లబారుడు ప్రపంచ సముద్రాలన్నిటినీ చుట్టింది.

ఇక్కడే మా ఊరు మళ్ళీ వస్తుంది. శుద్ధమైన సున్నపురాయి ఒక టన్ను కాలిస్తే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఇంధనం పొగ దీనికి అదనం. పగడాన్ని ముట్టకుండానే పగడాన్ని చంపే దారి ఇది.

అందుకే 'మానవుడు ప్రకృతిని నాశనం చేస్తున్నాడు' అన్న వాక్యం రాసే ముందు మనం కాస్త ఆగాలి. ఏ మానవుడు? మన్నారులో పార్కు ఆంక్షలు మొదట తగిలింది సముద్రపు నాచు ఏరుకుని బతికే ఆడవాళ్ళకు. బట్టీ దగ్గర దుమ్ము మింగేది కూలీ. సున్నంతో లేచిన మేడల్లో ఉండేవాళ్ళు వేరు. కారణాన్ని అందరికీ సమానంగా పంచేస్తే నేరం ఎవరిదీ కాకుండా పోతుంది. కోలుకోవడానికయ్యే ఖర్చు మాత్రం పేదవాడి ఖాతాలో పడుతుంది.

దిబ్బ చరిత్ర అంటే తవ్విన చేతుల చరిత్ర మాత్రమే కాదు. తవ్వించిన అవసరాల చరిత్ర కూడా. కావ్యాల్లో పగడం వెతికే విద్యార్థులు ఇకనుంచి గోడ మీది సున్నాన్ని కూడా చదవాలి. ఆ తెలుపు వెనుక ఎవరి శ్రమ ఉందో, ఏ సముద్రం ఉందో అడగాలి.