కాగితపు దాహం: సిరా, ముద్ర, స్టెన్సిల్‌ల కథ

చేతితో తయారుచేసిన కాగితం ఒకటి తీసుకొని, దానికి ఏ పూతా పూయకముందే, దానిపై ఒక సిరాచుక్క వేస్తే ఆ చుక్క వేసినచోట నిలవదు. దాని అంచులు చీలి సాలెపురుగు కాళ్లవలె నాలుగువైపులకూ పాకుతాయి. అక్షరం వ్రాస్తే అది ఉబ్బి, 'ప', 'ష', 'స'ల భేదం తెలియకుండా పోతుంది. కాగితం వెనుకవైపు కూడ మరక పడుతుంది.

చూడటానికి ఇది చిన్న చిక్కే. కాని రెండు వేల సంవత్సరాలుగా చైనాలోని లేఖకులు, అరబ్బు దేశాల కాగితపు పనివారు, ఐరోపా ముద్రాపకులు, జపాను అద్దకపు పనివారు తమ తమ పద్ధతుల్లో ఎదుర్కొన్న సమస్య ఇదే. కలంతో వ్రాయడం, ముద్ర వేయడం, స్టెన్సిల్ గుండా రంగు దింపడం అనే మూడు పనులకూ మూలమైన ప్రశ్న ఒకటే: కాగితాన్ని ఎంత తాగనివ్వాలి?

దాహం ఎందుకు?

కాగితం అంటే సెల్యులోజ్ పోగుల అల్లిక. గుడ్డపీలికలను గాని, నార బెరడును గాని నానబెట్టి, దంచి, ఆ గుజ్జును నీటిలో కలిపి, జల్లెడవంటి చట్రంతో పైకి తీస్తే నీరు కారిపోయి పోగులు పలుచని పొరగా నిలుస్తాయి. ఆ పొర ఆరినప్పుడు పోగులు ఒకదాని నొకటి పట్టుకుంటాయి గాని, వాటి మధ్య లెక్కలేనన్ని సన్నని సందులు మిగిలిపోతాయి. సెల్యులోజ్ అణువుకు నీటిపై ఆకర్షణ హెచ్చు. కాబట్టి దీపపు వత్తిలో కిరసనాయిలు పైకి ఎక్కినట్లే, ఈ సందులలో నీరు తనంతట తానే ప్రాకుతుంది. దీనినే కేశనాళికా చర్య అంటారు. నీటితోపాటు అందులోని రంగు కూడ ప్రయాణం చేస్తుంది.

ఈ ప్రయాణాన్ని అదుపులో పెట్టడానికి రెండు మార్గాలున్నాయి. కాగితాన్ని మార్చడం ఒకటి. సిరాను మార్చడం రెండవది. చరిత్రలో ఈ రెండూ జరిగాయి.

మసితో మొదలు

చైనా రాజాస్థానంలో త్సాయ్ లూన్ అనే అధికారి క్రీ. శ. 105లో కాగితపు తయారీని గురించి చక్రవర్తికి నివేదించినట్లు ఆ దేశపు చరిత్రలు చెబుతున్నాయి. అంతకు పూర్వపు కాగితపు ముక్కలు కూడ త్రవ్వకాలలో దొరికాయి. ఆ కాగితంపై చైనీయులు వాడిన సిరా మసి సిరా. దేవదారు జాతి కట్టెను గాని నూనెను గాని కాల్చి, పట్టిన మసిని జంతువుల చర్మాలనుండి తీసిన జిగురుతో కలిపి కడ్డీలుగా ఆరబెట్టేవారు. వ్రాసేటప్పుడు ఆ కడ్డీని రాతిపై నీటితో అరగదీసేవారు.

మసి అంటే కర్బనం. అది నీటిలో కరగదు. నీరు ముందుకు ప్రాకినా మసిరేణువులు పోగులకు తగిలి, జిగురుతో అంటుకొని, చాలవరకు ఉన్నచోటనే ఉండిపోతాయి. ఎండకు వెలిసిపోవు, కాగితానికి హాని చేయవు. వేయి సంవత్సరాల నాటి చైనా వ్రాతలు నేటికీ నల్లగా కనబడటానికి కారణం ఇదే.

తెలుగుదేశంలో తాటాకు గ్రంథాలకూ మసినే వాడారు, కాని పద్ధతి వేరు. తాటాకు పైభాగం నున్నగా ఉండి నీటిసిరాను పట్టదు. కాగితానికి దాహం హెచ్చయితే, తాటాకుకు దాహమే లేదు. అందుచేత గంటంతో గీచి, ఆ గీతలలో మసిని ఆకు పసరుతో కలిపి రుద్దేవారు. పైన అంటిన మసిని తుడిచివేస్తే, గీతలలో దిగినది మాత్రం నిలిచిపోయేది.

దాహం తీర్చిన పూతలు

కాగితపు పని మధ్య ఆసియా మీదుగా అరబ్బులకు చేరిన తరువాత కాగితాన్నే మార్చడం ముఖ్యమైన పని అయింది. అరబ్బు లేఖకులది మెత్తని కుంచె కాదు, మొన చెక్కిన రెల్లు కలం. దానికి నున్నని తలం కావాలి. వారు కాగితానికి పిండిగంజి పూసి, ఆరిన పిమ్మట నున్నని రాతితో మెరుగుపెట్టారు. గంజి సందులను పూడ్చింది. రాయి పోగులను అణచింది. భారతదేశంలోని కాగజీలు కూడ ఇదే పద్ధతి నవలంబించారు. కాశ్మీరులో బియ్యపు గంజి పూసి అకీకు రాతితో రుద్దిన కాగితం మిక్కిలి పేరు పొందింది.

ఐరోపాలో 13వ శతాబ్దం చివరి భాగంలో, ఇటలీలోని ఫాబ్రియానో పట్టణపు పనివారు గంజికి బదులు జంతువుల చర్మాలనుండి తీసిన జెలాటిన్‌ను వాడసాగారు. గంజి కాగితం తేమకు బూజు పట్టేది. జెలాటిన్ పూసిన కాగితం గట్టిగా ఉండి, ఈక కలపు పదునైన మొనకు తట్టుకొన్నది. తరువాతి కాలంలో జెలాటిన్‌కు పటిక కూడ కలిపారు.

అన్నభేది సిరా: మేలు, కీడు

ఐరోపాలో ఇట్టి కాగితంపై ప్రధానంగా వ్రాసినది ఇనుప సిరాతో. ఓక్ చెట్టుపై పురుగులవల్ల ఏర్పడే కాయలవంటి బుడిపెల కషాయంలో అన్నభేది, జిగురు కలిపితే ఈ సిరా తయారవుతుంది. బుడిపెలలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అన్నభేది ఇనుప లవణం. వ్రాసినప్పుడు అక్షరం లేతగా కనబడుతుంది. గాలిలోని ఆమ్లజని తగలగానే ఇనుము మార్పు చెంది, టానిన్‌తో కలిసి, నీటిలో కరగని నల్లని పదార్థంగా మారుతుంది. ఈ నలుపు పోగుల లోపలనే పుడుతుంది కాబట్టి దానిని కడిగివేయడం కష్టం. దస్తావేజులకు ఈ సిరానే ఎన్నుకొన్నది అందుకే.

ఈ రసాయనమే శ్రీకాళహస్తి కలంకారీలో ఉన్నది. నూలుబట్టకూ కాగితానికీ మూలపదార్థం సెల్యులోజే కనుక పోలిక సహజం. అక్కడి పనివారు బట్టను ముందుగా కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెడతారు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారాలు పులియబెట్టి తీసిన ద్రవంతో, వెదురు కలం పట్టి గీత గీస్తారు. బెల్లం పులిసి ఏర్పడిన ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. ఆ ద్రవం బట్టలోని కరక్కాయ టానిన్‌ను తాకగానే గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు ద్రవాన్ని ప్రక్కలకు పాకనివ్వదు. ఫాబ్రియానోలో జెలాటిన్ చేసిన పనిని శ్రీకాళహస్తిలో గేదెపాలు చేస్తున్నాయన్నమాట.

అయితే ఇనుప సిరాలో ఒక కీడు దాగి ఉన్నది. నలుపు ఏర్పడే చర్యలోనే గంధకికామ్లం పుడుతుంది. అది సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. టానిన్‌తో కలియక మిగిలిన ఇనుము ఆమ్లజనితో జరిగే విధ్వంసాన్ని త్వరపరుస్తుంది. క్రమంగా అక్షరం చుట్టూ గోధుమరంగు వలయం కనబడుతుంది. చివరకు అక్షరం ఉన్నచోట రంధ్రం మిగులుతుంది. ప్రఖ్యాత సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ స్వహస్తంతో వ్రాసిన స్వరపత్రాలు ఎన్నో ఇట్లా దెబ్బతిన్నాయి. 1990లలో నెదర్లాండ్స్ పరిశోధకులు దీనికి ఒక చికిత్సను రూపొందించారు. ధాన్యపు తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లంనుండి తయారైన కాల్షియం ఫైటేట్ మిగులు ఇనుమును పట్టి బంధిస్తుంది. కాల్షియం బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది. అయితే తెగిపోయిన పోగును తిరిగి అతికించే మందు ఇది కాదు. ఇది హాని పెరగకుండా ఆపగలదు, అంతే.

ముద్ర వేరు, వ్రాత వేరు

కలంనుండి సిరా ధారగా దిగుతుంది. ముద్రలో అట్లా కాదు. చెక్కిన తలంపై సిరా పలుచని పొరగా నిలిచి, ఒత్తిడితో కాగితానికి మారాలి. కాబట్టి ముద్రసిరా చిక్కగా ఉండాలి. చైనీయులు తమ రాతిముద్రలకు ఇంగిలీకపు పొడిని ఆముదంవంటి నూనెతోను, నారతోను కలిపి ఎర్రని ముద్దగా చేశారు. నూనె పాలు మించితే ముద్ర చుట్టూ జిడ్డువలయం ఏర్పడుతుంది. తగ్గితే ముద్ర పొడిపొడిగా పడుతుంది.

చెక్క అచ్చులకు మాత్రం వారు నీటిసిరానే వాడారు. చెక్క కొంత సిరాను తానే పీల్చి పట్టి ఉంచుతుంది. పలుచని కాగితాన్ని అచ్చుపై పరచి, వెనుకనుండి మెల్లగా రుద్దితే చాలు. 868లో ఇట్లా అచ్చైన వజ్రసూత్రం, తేదీ స్పష్టంగా ఉన్న పూర్తి ముద్రిత గ్రంథాలలో లభించినవాటిలో అతి ప్రాచీనమైనది. అది దున్‌హువాంగ్ గుహలలో దొరికింది; నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది.

15వ శతాబ్దంలో జర్మనీకి చెందిన గూటెన్‌బర్గ్ లోహపు అక్షరాలు పోతపోసినప్పుడు ఈ నీటిసిరా పనికిరాలేదు. లోహంపై అది బొట్లుబొట్లుగా విడిపోయింది. అందుచేత మరగించి చిక్కబరచిన అవిసెనూనెలో నల్లరంగును నూరవలసి వచ్చింది. ఈ నూనె నీటివలె ఆవిరైపోయి ఆరదు. ఆమ్లజనిని గ్రహించి గట్టిపడుతుంది. జెలాటిన్ పట్టిన గట్టి కాగితం సిరాను సరిగా అందుకోవడానికి దానిని ముందుగా తడిపి మెత్తబరిచేవారు. 1980లలో కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు గూటెన్‌బర్గ్ బైబిలు పుటలను సైక్లోట్రాన్ కిరణాలతో పరీక్షించగా, ఆ సిరాలో రాగి, సీసం హెచ్చుగా ఉన్నట్లు తేలింది.

రంధ్రాల గుండా బొమ్మ

మూడవ పద్ధతిలో కాగితమే పనిముట్టు అవుతుంది. దున్‌హువాంగ్ గుహలలో సూదితో పొడిచిన బుద్ధుని బొమ్మల కాగితాలు కూడ దొరికాయి. కాగితాన్ని గోడకు ఆనించి రంగుపొడిని అద్దితే, రంధ్రాలగుండా దిగిన చుక్కలు చిత్రకారునికి దారి చూపేవి. ఒకే బొమ్మను అనేకసార్లు వేయడానికి ఇది సులభమైన ఉపాయం. నేటికీ మగ్గం పనివారు చీరెపై నమూనా దించేది ఇట్లాగే: సూదితో పొడిచిన కాగితం పరచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని పైన రుద్దుతారు.

జపానులో ఈ విద్య మరింత సూక్ష్మమైంది. కోజో నారతో చేసిన కాగితపు పొరలను పులిసిన కాకి పండు రసంతో అతికి, పొగపట్టించి, అద్దకానికి స్టెన్సిళ్లు కోసేవారు. కాకి అక్కడి ఒక పండ్లచెట్టు. దాని పచ్చికాయలో కూడ టానినే ఉన్నది. కాని ఇక్కడ టానిన్ పని రంగు పుట్టించడం కాదు, కాగితాన్ని నీటికి చెక్కుచెదరనిదిగా చేయడం. విడివడిన సన్నని భాగాలను నిలబెట్టడానికి పొరల మధ్య పట్టుదారాలు అమర్చారు. రంగు దారాల ప్రక్కనుండి దిగేది. దారం ఆనవాలు కనబడేది కాదు. పట్టుతెర ఆధారంగా స్టెన్సిల్ నిలిపే పద్ధతికి 1907లో ఇంగ్లండులోని సామ్యుయల్ సైమన్ పేటెంటు పొందాడు. పెళ్లి శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగు ఆ జాతిలోనిదే.

అంతకు ముందే స్టెన్సిల్ కచేరీలలో ప్రవేశించింది. ఎడిసన్ 1876లో పేటెంటు పొందిన విద్యుత్కలం, కాగితంపై సన్నని సూదిరంధ్రాలతో అక్షరాలు పొడిచేది. దున్‌హువాంగ్ సూది పనినే ఇక్కడ యంత్రం చేసిందన్నమాట. 1881లో లండనులో డేవిడ్ గెస్టెట్నర్ పళ్లచక్రం అమర్చిన కలాన్ని ప్రవేశపెట్టాడు. సైక్లోస్టైల్ అనే పేరు దానిదే. 1894లో జపానులో హోరీ షింజిరో చేతితో నడిపే నకలుయంత్రాన్ని తయారుచేశాడు. ఈ యంత్రాలకు ప్రాణం మైనం పూసిన పలుచని జపాను కాగితం. కోజో పోగులు సుమారు 10 మిల్లీమీటర్ల దాకా పొడవుంటాయి. కలపగుజ్జు పోగులు సాధారణంగా 1 నుండి 3 మిల్లీమీటర్లే. అందుచేత మొన తగిలినచోట మైనం తొలగినా పోగుల వల చిరగదు. ఆ వలగుండా నూనెసిరా దిగుతుంది.

ఇక్కడ కథ తిరిగి మొదటికి వచ్చింది. సైక్లోస్టైల్ సిరా గట్టిపడి ఆరేది కాదు, క్రిందికాగితం పీల్చడంవల్ల ఆరేది. కాబట్టి గరుకైన, పూత తక్కువైన కాగితాన్నే కోరి తయారుచేశారు. శతాబ్దాలుగా అణచిన దాహమే ఈ యంత్రానికి అవసరమైంది. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల దాకా అనేక పాఠశాలల పరీక్షపత్రాలు ఈ గరుకు కాగితంపైనే వచ్చాయి.

తరగతిలో చేయదగిన పరీక్ష

పూత లేని చేతికాగితం మూడు ముక్కలు తీసుకోవాలి. ఒకదానిని అట్లాగే ఉంచి, రెండవదానికి పలుచని బియ్యపు గంజి, మూడవదానికి గోరువెచ్చని జెలాటిన్ ద్రావణం పూసి ఆరబెట్టాలి. కరక్కాయ పొడి కషాయాన్ని వడకట్టి, అందులో కొద్దిగా అన్నభేది ద్రావణం కలిపితే నల్లసిరా సిద్ధమవుతుంది. దీనిని నోటికి, కళ్లకు తగలనీయరాదు. బట్టలపై పడితే మరక పోదు. ప్రతి ముక్కపై ఒకే పరిమాణంలో చుక్క వేసి, ఒక నిమిషం తరువాత మరక వెడల్పును కొలిచి వ్రాసుకోవాలి. తరువాత బెండకాయ ముక్కతో ముద్ర, కొవ్వొత్తి మైనం పట్టించిన అట్టలో కోసిన స్టెన్సిల్‌తో బొమ్మ వేయాలి. మొదట పలుచని సిరాతోను, పిమ్మట గంజి కలిపి చిక్కబరచిన సిరాతోను వేసి చూడాలి. చిక్కబరచడంవల్ల ముద్రలో కలిగిన మార్పు ఎంతో, స్టెన్సిల్ అంచున కలిగిన మార్పు ఎంతో పోల్చి, కారణం విద్యార్థులే చెప్పాలి.

మసి, జిగురు నీళ్లతో చేసిన మరొక సిరాతో కూడ వ్రాసి, రెండు కాగితాలనూ సంవత్సరంపాటు దాచి, ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడటం మంచిది. ఇళ్లలో పాత దస్తావేజులు ఉన్నవారు అక్షరాల చుట్టూ గోధుమరంగు వలయం ఉన్నదేమో గమనించాలి. ఉంటే ఆ కాగితాన్ని మడవకుండా, తేమ తగలకుండా, ప్లాస్టిక్ పొరలో అతికించకుండా బల్లపరుపుగా భద్రపరచి, పత్రభాండాగారంలోని నిపుణులకు చూపించాలి. రంధ్రం పడిన తరువాత ఆ అక్షరం తిరిగి రాదు.