కప్పులు గెలిచిన జట్టు, క్లబ్బు కాని జట్టు: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో అభిమాని స్థానం

ఉపోద్ఘాతం:

ఫుట్‌బాల్ క్లబ్బు 'పెద్దది' అనడానికి కప్పుల లెక్క చాలామంది అంగీకరించే కొలత. ఆ కొలతే సరైనదైతే 1950లలో దేశంలోకెల్లా పెద్ద క్లబ్బు కలకత్తాలో కాక హైదరాబాదులో ఉందనాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టు స్వర్ణం సాధించినప్పుడూ, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ శిక్షకుడు ఆయనే. ఇంతటి ఘనత ఉన్న జట్టు పేరు నేడు క్రీడాచరిత్ర రచనల్లో తప్ప అరుదుగా వినిపిస్తుంది. మోహన్ బగాన్ పేరు మాత్రం ఫుట్‌బాల్ చూడనివారికి కూడా తెలుసు. ఈ వ్యత్యాసానికి కారణం మైదానంలో కంటే మైదానం వెలుపల వెతకవలసి ఉంటుంది.

శాఖ జట్టు – సభ్యుల క్లబ్బు:

మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలవడంతో ఆ జట్టు వలసపాలనలోని ప్రజల ఆత్మగౌరవానికి గుర్తయింది. 1920లో ఏర్పడిన ఈస్ట్ బెంగాల్‌కు దేశవిభజన తరువాత తూర్పు నుండి తరలివచ్చిన కుటుంబాలు అండగా నిలిచాయి. 1934 నుండి 1938 వరకు వరుసగా కలకత్తా లీగు గెలిచిన మహమ్మదన్ స్పోర్టింగ్‌కు బెంగాల్ వెలుపలి ముస్లింలలోనూ ఆదరణ లభించింది. ఈ మూడింటిలోనూ అభిమాని జట్టును ఎంచుకున్నాడనడం కంటే, తన ఇల్లు, తన ఊరు, తన పోగొట్టుకున్న ఊరు అతనికి జట్టును ఎంచిపెట్టాయనడం సబబు. ఎదుటి జట్టు ఉన్నందువల్లనే ఆ బంధం ఏటా బిగిసింది.

హైదరాబాద్ సిటీ పోలీస్‌కు ఇవేవీ లేవు. అది ఒక ప్రభుత్వ శాఖ జట్టు. అందులో చోటు ఉద్యోగంతో ముడిపడినది. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టగలడు గాని సభ్యుడు కాలేడు. 1948 సెప్టెంబరులో 'పోలీసు చర్య'తో సంస్థానం ముగిసిన రెండేళ్లకే పోలీసుల పేరున్న జట్టు నగరానికి కీర్తి తేవడం గమనించదగిన వైచిత్రి. 1956లో రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరణ పొందిన తరువాత జట్టు పేరు కూడా మారింది. 1961 డ్యూరాండ్‌ను గెలిచింది ఆంధ్రా పోలీస్. పాలనా పటం మారినప్పుడు శాఖ పేరు మారడం సహజమే. క్లబ్బు పేరు అలా మారితే సభ్యులు ఊరుకోరు.

ప్రతిభ ఉన్నచోటికి కాక ఆదరణ ఉన్నచోటికి ఆటగాళ్లు తరలిపోయారు. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు ప్రాంతం నుండి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960లలో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోలు చేసిన హబీబ్ హైదరాబాదీ.

కాశిబుగ్గ నుండి చూస్తే:

వరంగల్లులోని కాశిబుగ్గకు (శ్రీకాకుళం జిల్లాలోనిది వేరు) హైదరాబాదు సుమారు 150 కిలోమీటర్లు. వారం వారం వెళ్లి ఆట చూడదగిన దూరం కాదు. ఇటువంటి పేటలోని అభిమానికి జట్టు పత్రికలోనో, రేడియోలోనో, తెరమీదో పరిచయమవుతుంది. అతని ఎంపికకు వీధి ఒత్తిడి లేదు. కనుక గెలిచే జట్టునో, నచ్చిన ఆటగాడినో అనుసరించడాన్ని తేలికదనంగా కొట్టివేయడం న్యాయం కాదు. అతనికి అందిన మార్గం అదే.

వరంగల్లు మిల్లు నగరం కూడా. ఆజంజాహీ మిల్లు 1934లో ఏర్పడింది. పనిచోటు నుండి పెద్ద క్లబ్బు పుట్టడం అసాధ్యమేమీ కాదు. 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారం కార్మికులు ప్రారంభించిన జట్టే ఆర్సెనల్. అయితే అది 1893లోనే కంపెనీగా మారి కర్మాగారం నీడ నుండి బయటపడింది. పంజాబులోని ఫగ్వారా వస్త్రమిల్లు జట్టు జె.సి.టి. మొదటి జాతీయ లీగు (1996–97) గెలిచి కూడా యాజమాన్య నిర్ణయంతో 2011లో ముగిసిపోయింది. రెండు జట్లూ కార్మికవాడల్లోనే మొదలయ్యాయి. జట్టు ఎవరి చేతిలో ఉన్నదన్న దగ్గర దారులు వేరయ్యాయి.

2019 తరువాత:

హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో ఏర్పడి 2021–22 ఇండియన్ సూపర్ లీగును గెలిచింది. గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించింది. కోవిడ్ కారణంగా ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. అంటే సొంత జట్టు విజేతగా నిలిచిన సంవత్సరంలో గచ్చిబౌలి మైదానంలో ఒక్క లీగు మ్యాచ్ కూడా జరగలేదు. ఆ విజయాన్ని హైదరాబాదు అభిమాని, కాశిబుగ్గ అభిమాని ఒకే దూరం నుండి, తెరమీదే చూశారు.

2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇంగ్లండులో వింబుల్డన్ జట్టును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి లభించినప్పుడు, 2002లో దాని అభిమానులు ఎ.ఎఫ్.సి. వింబుల్డన్‌ను తామే నెలకొల్పి కింది అంచె లీగు నుండి ఆడించారు. వారికి తరాలుగా వెళ్లిన మైదానపు జ్ఞాపకం ఉంది. హైదరాబాదు అభిమానికి ఆరేళ్ల జట్టు, అందులో ప్రేక్షకులు లేని రెండు సీజన్లు మాత్రమే దక్కాయి.