మంజీరాతీరమున శిశునామములు

శాసనములలో రాజుల బిరుదములను వెదకు మనము పల్లెలోని పసిబిడ్డ పేరును చరిత్రకాధారముగా నెంచము. సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతముల పేళ్లను బరికించినచో నీ యుపేక్ష తగదని తోఁచును.

పటాన్‌చెరువునకుఁ బూర్వనామము పొట్టలకెఱె. పదునొకండవ శతాబ్దమునఁ గల్యాణి చాళుక్యుఁడగు రెండవ జయసింహుని రాజధానులలో నిది యొకటి. కన్నడసీమ చేరువ యగుటచే సంగప్ప, బసప్ప యను పేళ్లిచట నేఁటికిని వినవచ్చుచున్నవి. ఝరాసంగమునఁ గేతకీ సంగమేశ్వరుఁడు వెలసిన సీమలో సంగయ్య, సంగమ్మ లుండుట సహజమే. బసవయ్య యనఁగా పండ్రెండవ శతాబ్దపు శివభక్తులు తలఁపునకు వత్తురు. హిందువుల యిండ్లలోని పీరయ్యయో, పీర్లపండుగకు గ్రామ మంతయుఁ గూడుటకు సాక్షి.

అన్నిటికంటె నరయఁదగినవాఁడు పెంటయ్య. ఈ పేరు విని నవ్వువారు కలరు. ముందు పుట్టిన బిడ్డలు వరుసగాఁ జనిపోఁగా, తల్లి క్రొత్తగాఁ బుట్టినవానిని బెంటకుప్పపై నుంచి, తనకు వలదన్నట్లు నటించి, మరలఁ దీసికొనెడిది. మృత్యువు కన్ను పడకుండుటకే యీ హీననామము. ఎంగిలి విస్తరాకులలోఁ బొరలింపఁబడినవాఁడు పుల్లయ్య. భిక్షగా స్వీకరింపఁబడినవాఁడు బిచ్చయ్య. తవుడు వెలగా నొరుల కమ్మినట్లు నటింపఁబడినవాఁ డుత్తరాంధ్రమునఁ దవిటయ్య. వీనిలో నిరసనము లేశమును లేదు. మశూచికము, గత్తర యను వానివలని భయమే కలదు. 1975 తరువాత మశూచికము మనదేశమునఁ గానరాలేదు. పిమ్మటి తరములఁ బెంటయ్య లరుదగుట కాశ్చర్యపడ నక్కఱలేదు.

పేరు పోవుట వేఱు, దాని యర్థము పోవుట వేఱు. బ్రిటనులోని వేల్సు దేశమున ‘ఆప్’ అనఁగా కుమారుఁడు. ‘ఆప్ రీస్’ అను పలుకుబడి యాంగ్లలేఖకుల పట్టికలలో ‘ప్రైస్’ అయ్యెను. ‘ఆప్ హవెల్’ ‘పవెల్’ అయ్యెను. తండ్రిపే రందు దాఁగియున్నదని వివరింపనిదే నేఁడు తెలియదు. మనయందును బడిపట్టికలలోఁ గిష్టయ్య కృష్ణయ్య యగుచున్నాఁడు, నర్సింలు నరసింహు లగుచున్నాఁడు. వీరి కర్థము చెడలేదు. పెంటయ్యకో, సంస్కరింపఁబూనినచో మిగులున దేమియును లేదు.

కర్మాగారములు నెలకొని యీ సీమకు నలుదెసలనుండి జనులు చేరిరి. తాత పేరు చెప్పుటకు సిగ్గుపడు మనుమని నేను దప్పుపట్టను. కాని పొట్టలకెఱె శిథిలములను జూడఁబోవు పరిశోధకులు, ఆ పరిసరగ్రామముల వృద్ధులను గూడ నొక ప్రశ్న యడుగవలెను: నీ కీ పేరేల పెట్టిరి, నీకు ముందు పుట్టినవా రెందఱు? ఆ లెక్క యే తామ్రపత్రమునను దొరకదు.