అరచేతంత బిళ్లలో రెండుంబావు గంటలు

రెండుంబావు గంటల సినిమా అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటిగా పరుగెత్తే 1,94,400 బొమ్మలు. సెకనుకు 24 చొప్పున లెక్క కడితే తేలే సంఖ్య ఇది. ఆ బొమ్మలన్నిటినీ, వాటితోపాటు మాటల్నీ పాటల్నీ అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బిళ్ల మీదికి ఎక్కించడానికి మూడు ఖండాల ఇంజనీర్లకు నలభై ఏళ్లు కాస్త తక్కువగా పట్టింది. డీవీడీ కథలో ఓడిపోయినవాళ్లే ఎక్కువమంది. కానీ ఓడిన ప్రతివాడూ ఏదో ఒక ముక్కను తర్వాతివాడి చేతిలో పెట్టి వెళ్లాడు.

మొదటి ముక్క కాలిఫోర్నియాలో దొరికింది. 1958లో డేవిడ్ పాల్ గ్రెగ్ అనే ఇంజనీరుకు ఒక ఊహ వచ్చింది: గ్రామఫోన్ రికార్డులో పాట దాగినట్టే ఒక పారదర్శకమైన పళ్లెంలో వీడియో ఎందుకు దాగకూడదు? దాన్ని ముల్లుతో కాకుండా కాంతితో ఎందుకు చదవకూడదు? అప్పటికి లేజరే పుట్టలేదు. అది వెలిగింది 1960లో. గ్రెగ్ పేటెంట్లు తర్వాత ఎంసీఏ సంస్థకు చేరాయి. యూనివర్సల్ స్టూడియో ఆ సంస్థదే, పాత సినిమాల గాదె దాని దగ్గరే ఉంది. వాటిని ఇళ్లకు అమ్మే దారి కోసం అది వెతుకుతోంది.

అట్లాంటిక్‌కు అవతల హాలెండ్‌లోని ఐండ్‌హోవెన్ పట్టణంలో ఫిలిప్స్ పరిశోధకులు పీటర్ క్రామర్, క్లాస్ కోంపాన్ 1969 నాటికి ఇదే పనిలో పడ్డారు. వాళ్ల పళ్లెం మీద కంటికి కనపడనంత చిన్న గుంటలు. లేజర్ కిరణం వాటి మీద పడి తిరిగి వచ్చేటప్పుడు గుంట ఉన్నచోట ఒకలా, లేనిచోట ఒకలా వస్తుంది. ఏదీ పళ్లేన్ని తాకదు కాబట్టి అరుగుదల లేదు. 1972 సెప్టెంబరులో ఫిలిప్స్ దాన్ని ప్రదర్శించింది. అదే ఏడాది డిసెంబరులో ఎంసీఏ కూడా తనదాన్ని చూపించింది. ఎవరికి వారుగా నడిచినా దాదాపు ఒకే చోటికి చేరారు. పోట్లాడుకునే కంటే కలవడం మేలనుకుని చేతులు కలిపారు.

అయినా పళ్లెం అంగడికి రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. 1978 డిసెంబరులో అట్లాంటా నగరంలో అమ్మకం మొదలైంది. తొలి సినిమా ‘జాస్’. తర్వాత లేజర్ డిస్క్ అని పేరు పడ్డ ఆ పళ్లెం వెడల్పు 30 సెంటీమీటర్లు. ఒక వైపున పట్టేది రకాన్ని బట్టి అరగంట లేదా గంట. కథ మంచి పట్టులో ఉండగా లేచి వెళ్లి పళ్లెం తిప్పాలి. ఫ్యాక్టరీలో ధూళికణం పడితే చాలు, బొమ్మ చెడిపోయేది. అచ్చువేసిన వాటిలో పనికిరానివి లెక్కకు మించి తేలేవి. ఈలోగా జపాన్ నుంచి వీహెచ్ఎస్ క్యాసెట్ వచ్చేసింది. బొమ్మ అంత బాగుండకపోయినా టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసుకోవచ్చు. జనం అటే మొగ్గారు. అమెరికాకు చెందిన ఆర్‌సీఏ ఏళ్ల తరబడి శ్రమించి, ముల్లుతో చదివే వీడియో రికార్డును 1981లో తెచ్చింది. మూడేళ్లకే చేతులెత్తేసింది. ఆ ప్రయోగానికి కోట్ల డాలర్లు ఆవిరయ్యాయి.

లేజర్ డిస్క్ మాత్రం అభిమానుల ఇళ్లలో బతికింది. 1984లో క్రైటీరియన్ సంస్థ ‘కింగ్ కాంగ్’ను దాని మీద తెచ్చినప్పుడు, ఖాళీగా ఉన్న రెండో ధ్వని మార్గంలో రొనాల్డ్ హేవర్ అనే సినిమా చరిత్రకారుడి చేత ఆ సినిమా ఎలా తీశారో మాట్లాడించింది. చూసేవాడు బొమ్మ చూస్తూనే వెనక కథ వినొచ్చు. తర్వాత డీవీడీల్లో దర్శకుల వ్యాఖ్యానాలు, తొలగించిన సన్నివేశాలు, చిత్రీకరణ విశేషాలు అంటూ మనం ఇష్టంగా చూసినవాటికి విత్తనం అక్కడ పడింది. వ్యాపారంలో నెగ్గని వస్తువు సినిమా చూడటాన్నే ఒక చదువుగా మార్చింది. ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపుల్లో ఇదొకటి.

1982లో ఫిలిప్స్, సోనీ కలిసి 12 సెంటీమీటర్ల సీడీని తెచ్చాయి. పాట అంకెలుగా మారింది. మరి బొమ్మ సంగతేమిటి? 1987లో బంగారు రంగు సీడీ వీడియో ఒకటి వచ్చింది. అందులో పట్టింది ఇరవై నిమిషాల పాట, ఐదారు నిమిషాల బొమ్మ. బొమ్మను అంకెలుగా రాస్తే చోటు చాలడం లేదన్నదే అసలు చిక్కు. ఎంతగా చాలదంటే, నేటి డీవీడీ మీద కూడా ఏ కుదింపూ లేకుండా వీడియోను రాస్తే ఐదు నిమిషాలకే అది నిండిపోతుంది.

చిక్కుముడి విప్పే దారం అప్పటికే ఒక పత్రికలో అచ్చయి ఉంది. దాన్ని అల్లినవాడు బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నసీర్ అహ్మద్. 1972లో ఆయన కొసైన్ తరంగాలతో బొమ్మను కుదించే పద్ధతి మీద పనిచేస్తానని, డబ్బు ఇవ్వమని అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ ఊహ మరీ సులభంగా ఉందని పరిశీలకుల్లో ఒకరు తేల్చేశారు. డబ్బు రాలేదు. అహ్మద్ ఆ ఊహను మాత్రం వదల్లేదు. 1973 వేసవి అంతా తన శిష్యుడు టి. నటరాజన్‌తోనూ, టెక్సాస్‌లో పనిచేస్తున్న మిత్రుడు కామిశెట్టి రామమోహనరావుతోనూ కలిసి దాని మీదే కూర్చున్నారు. రామమోహనరావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి అమెరికా వెళ్లినవారు. వచ్చిన ఫలితాలు నమ్మశక్యం కానంత బాగున్నాయి. ఎక్కడో పొరబడ్డామేమోనని అహ్మద్ ఆ రంగంలో పేరున్నవాళ్లను అడిగి చూసుకున్నారు. 1974 జనవరిలో వ్యాసం అచ్చయింది. నాలుగే నాలుగు పుటలు.

అందులోని కిటుకు ఇది. బొమ్మను చిన్నచిన్న గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలోని వెలుగునీడల్ని నిదానంగా మారే తరంగాలు, వేగంగా మారే తరంగాలు కలిసిన మొత్తంగా రాస్తారు. మన కన్ను నిదానపు వాటినే బాగా పట్టుకుంటుంది. వేగపు వాటిలో చాలా వరకు వదిలేసినా తేడా తెలియదు. వదిలేసిన మేరకు చోటు మిగులుతుంది. సులభమన్న మాట నిజమే. ఆ సులభాన్ని కనిపెట్టడానికే ఒక వేసవి కాలం, జీతం లేని ఓపిక కావలసి వచ్చాయి.

1988లో ఇటలీకి చెందిన లియొనార్డో కియారిల్యోనె, జపాన్‌కు చెందిన హిరోషి యసుదా కలిసి ఎంపెగ్ అనే నిపుణుల బృందాన్ని కూడగట్టారు. వాళ్లు ఆ కొసైన్ పద్ధతికి ఇంకో తెలివి జోడించారు. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య మారేది కొంతే. వెనకున్న గోడ కదలదు, మాట్లాడే మనిషి పెదవులే కదులుతాయి. కాబట్టి మారినదాన్ని మాత్రం రాస్తే చాలు. దాని తొలి ఫలం 1993లో వచ్చిన వీడియో సీడీ. ఒక్కో బిళ్లకు 74 నిమిషాలు. అమెరికా, యూరప్ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గాని ఆసియా అక్కున చేర్చుకుంది. మన ఊళ్లలో వీసీడీలు అద్దెకిచ్చే కొట్లు వెలిశాయి. అయితే బొమ్మ క్యాసెట్ స్థాయిని దాటలేదు. ‘మాయాబజార్’ లాంటి మూడు గంటలు దాటే సినిమాకు మూడు బిళ్లలు కావాలి.

హాలీవుడ్‌కు ఇది చాలదు. వార్నర్ హోమ్ వీడియో అధిపతి వారెన్ లీబర్‌ఫార్బ్ ఏళ్ల తరబడి ఒకటే పట్టు పట్టాడు: క్యాసెట్‌ను అద్దెకు తెచ్చుకుని తిరిగి ఇచ్చేస్తున్నారు, పుస్తకంలా కొని దాచుకునే సినిమా కావాలి. 1994లో స్టూడియోలు కలిసి తమ కోరికలు బయటపెట్టాయి. ఒకే వైపున 135 నిమిషాలు పట్టాలి. బొమ్మ లేజర్ డిస్క్ కంటే బాగుండాలి. చుట్టూ మోగే ధ్వని, పలు భాషల్లో మాటలు, ఉపశీర్షికలు ఉండాలి. దొంగ ప్రతులు తీయడం కుదరకూడదు.

ఆ జాబితా పట్టుకుని రెండు శిబిరాలు బరిలోకి దిగాయి. ఒకవైపు సీడీ సృష్టికర్తలు ఫిలిప్స్, సోనీ. వాళ్ల బిళ్ల సామర్థ్యం 3.7 గిగాబైట్లు. రెండోవైపు తోషిబా, టైమ్ వార్నర్, మత్సుషితా తదితరులు. వీళ్లది వైపుకు 5 గిగాబైట్లు. తోషిబా బృందం ఎంచుకున్న దారి అందమైనది. గుంటలు చిన్నవైనకొద్దీ కాంతిని మరింత సన్నటి చుక్కగా కేంద్రీకరించాలి. అప్పుడు బిళ్ల ఏమాత్రం వంగినా గురి తప్పుతుంది. గ్లాసు అడుగున ఉన్న నాణేన్ని పక్కనుంచి చూస్తే, నీళ్లు ఎంత లోతుంటే అంతగా జరిగినట్టు కనిపిస్తుంది కదా. ప్లాస్టిక్ మందంతోనూ అదే గొడవ. అందుకే వాళ్లు సీడీ మందమైన 1.2 మిల్లీమీటర్లను రెండుగా విడగొట్టి, 0.6 మిల్లీమీటర్ల పలచటి బిళ్లలు రెంటిని ఒకదానికొకటి అతికించారు. కాంతి దాటవలసిన దూరం సగమైంది. గట్టిదనం మాత్రం తగ్గలేదు.

ఇరవై ఏళ్ల నాటి బీటామ్యాక్స్, వీహెచ్ఎస్ యుద్ధం మళ్లీ వస్తుందని అందరూ బెదిరారు. అప్పుడు మధ్యవర్తులుగా దిగినవి సినిమాలతో సంబంధం లేని కంప్యూటర్ సంస్థలు. 1995లో ఐబీఎం, యాపిల్, మైక్రోసాఫ్ట్, కాంపాక్, హ్యూలెట్ ప్యాకార్డ్ ఒక్కటై, ఐబీఎంకు చెందిన అలన్ బెల్ నాయకత్వంలో గట్టిగా చెప్పాయి: మీరిద్దరూ ఒకే నమూనాకు రాకపోతే మేం దేన్నీ కంప్యూటర్లలో పెట్టం. ఆ సెప్టెంబరుకు రాజీ కుదిరింది. అతికించిన బిళ్లలు, తప్పులు సరిదిద్దే గణితం తోషిబా పక్షానివి. అంకెల్ని గుంటల వరసగా మార్చే సంకేత విధానం ఫిలిప్స్ ఇంజనీరు కీస్ ఇమ్మింక్‌ది. అది గీతలు, దుమ్ము ఉన్నా నమ్మకంగా చదివించే పద్ధతి గాని కాస్త చోటు తింటుంది. అందువల్ల 5 గిగాబైట్లు 4.7కు తగ్గాయి. మనం ఖాళీ డీవీడీల డబ్బా మీద చదివిన ఆ 4.7 ఒక రాజీ ఒప్పందపు గుర్తు. ఇద్దరూ కొంత వదులుకోవడం ఈ కథలో ఏ ఒక్క ఆవిష్కరణకూ తీసిపోని ఘనకార్యమని నా అభిప్రాయం.

మిగిలిన పని ఎర్ర లేజర్ చేసింది. సీడీని చదివేది 780 నానోమీటర్ల పరారుణ కిరణం, దీన్ని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర కిరణం. గుంటల వరసల మధ్య దూరం 1.6 మైక్రాన్ల నుంచి 0.74కు తగ్గింది. ఇంకో విశేషం, ఒకే వైపున రెండు పొరలు వేయవచ్చు. పై పొరను సగం పారదర్శకంగా ఉంచితే కిరణం దాని గుండా వెళ్లి లోపలి పొరనూ చదువుతుంది. అప్పుడు సామర్థ్యం 8.5 గిగాబైట్లు. హాలీవుడ్ తన సినిమాల నిడివి చూసుకుని 135 నిమిషాలు అడిగింది గాని, ఆరు పాటలు, మూడు ఫైట్లు ఉండే మన సినిమాలకు దిక్కైంది ఆ రెండో పొరే.

యంత్రం సిద్ధమయ్యాక తాళం దగ్గర మళ్లీ ఆగింది. దొంగ ప్రతులను అడ్డుకునే ఏర్పాటు మీద చర్చలు 1996లో నెలల తరబడి సాగాయి. ప్రపంచాన్ని ప్రాంతాలుగా కోసి ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఇచ్చారు. అమెరికాది 1, మన దేశానిది 5. అమెరికా వెళ్లిన మనవాళ్లు ఇక్కడినుంచి పట్టుకెళ్లిన డిస్కు అక్కడి ప్లేయర్‌లో పెడితే మొరాయించే ఇబ్బంది ఆ గీతల వల్లే. 1996 నవంబరు 1న తోషిబా తొలి ప్లేయర్‌ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. 1997 మార్చిలో అమెరికాలోని ఏడు నగరాలకు సినిమాలు వచ్చాయి.

స్టూడియోలన్నీ ఒకేసారి రాలేదు. పారమౌంట్, ఫాక్స్ 1998 దాకా గట్టున నిలబడి చూశాయి. ఆ ఏడాదే సర్క్యూట్ సిటీ అనే దుకాణాల సంస్థ డివిక్స్ అని ఒక పోటీ తెచ్చింది. డిస్కు కొన్నాక మొదటిసారి చూసిన 48 గంటల దాకానే ఆడుతుంది, తర్వాత ఫోను తీగ ద్వారా మళ్లీ డబ్బు కట్టాలి. కొన్న వస్తువు తమది కాకపోవడం జనానికి రుచించలేదు. 1999 జూన్‌లో అది మూతపడింది. ఆ సెప్టెంబరులో ‘ది మేట్రిక్స్’ డీవీడీ వచ్చి పది లక్షల ప్రతులు దాటింది. ఇక వెనక్కి చూసే పని లేకపోయింది.

సరిగ్గా ఆ తొలి రోజుల్లోనే కాలిఫోర్నియాలో మార్క్ రాండాల్ఫ్, రీడ్ హేస్టింగ్స్ అనే మిత్రులకు ఒక సందేహం వచ్చింది. క్యాసెట్‌ను పోస్టులో పంపడం బరువు, ఖర్చు. ఈ పలచటి బిళ్ల అయితే? చేతికి డీవీడీ దొరక్క పాత సంగీతపు సీడీ ఒకటి కొని, కవరులో పెట్టి హేస్టింగ్స్ ఇంటికే పోస్టు చేశారు. మర్నాడు అది చెక్కుచెదరకుండా చేరింది. చేరినది పగిలి ఉంటే ఏమయ్యేదో! 1998 ఏప్రిల్‌లో డీవీడీలను పోస్టులో పంపే వాళ్ల సంస్థ నెట్‌ఫ్లిక్స్ తలుపులు తెరిచినప్పుడు దాని దగ్గరున్నవి తొమ్మిది వందల పైచిలుకు సినిమాలు. ఆనాటికి అమెరికాలో డీవీడీగా వచ్చినవి దాదాపు అన్నీ అవే. తర్వాత ఆ జాబితాలో కొత్తవాటి పక్కన మూకీలు, డాక్యుమెంటరీలు, నాటకాలు, కచేరీలు, పరాయి భాషల సినిమాలు చేరాయి. వీధి చివరి కొట్టు ఎన్నడూ పెట్టుకోలేని వరస అది.

మన దగ్గర మార్పు ధర రూపంలో వచ్చింది. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. తెలుగుతో సహా పలు భాషల సినిమాలు కిరాణా కొట్ల దాకా వచ్చాయి. దొంగ ప్రతి కొనే డబ్బుతో అసలుదే కొనుక్కునే వీలు సామాన్యుడికి దొరికింది. క్యాసెట్లు బూజుపట్టిపోయిన ఇళ్లలో మళ్లీ పాత సినిమాల అర ఒకటి ఏర్పడింది.

నెట్‌ఫ్లిక్స్ చివరి డిస్కును 2023 సెప్టెంబరు 29న పంపింది. అప్పటికి పంపినవి ఐదు వందల కోట్లకు పైమాటే. ఆఖరి చందాదారులు తమ దగ్గరున్నవాటిని తిరిగి పంపనక్కర్లేదని చెప్పి, అడిగినవారికి ఇంకో పది దాకా అదనంగా పంపింది. ఏవి వస్తాయో ముందే చెప్పలేదు. జనం తీసుకున్నారు.