ఆజ్ఞల కట్టలు, వాని అమరిక



మన సత్యవేడు మండలమునందలి శ్రీసిటీలో 2013వ సంవత్సరమున ఐఐఐటీ అను విద్యాలయము నెలకొనినది. అచ్చటి విద్యార్థులు కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుట నేర్చుచున్నారు. ఆ ఆజ్ఞలును మన వ్రాతవంటివే. అక్షరములతో పంక్తులుగా వ్రాసి, ఫైళ్లు అను కట్టలలో దాచుదురు. ఏ వ్రాతను ఏ కట్టలో నుంచవలె ననుట చిన్న ప్రశ్నగా తోచును గాని, దాని కొక చరిత్ర కలదు.

1984లో కరణముల పదవి రద్దగువరకు గ్రామలెక్కలు చూచినవారికి ఇది సులభముగా బోధపడును. సర్వే నంబర్లవారీగా అడంగలు, పట్టాదారులవారీగా చిట్టా. ఒక మడి చేతులు మారినప్పుడు ఒకదానిలో దిద్ది రెండవదానిని మరచినచో, ఆ తగవు కచేరి కెక్కెడిది.

అమెరికాలో బెల్ ప్రయోగశాలలయందు 1976లో ఇట్టి మరపే జరిగినది. అచ్చట పెద్ద ప్రోగ్రామును పలు ఫైళ్లుగా విభజించి వ్రాయుచుండిరి. మనుష్యుడు వ్రాసిన మూలమునుండి యంత్రము చదువదగిన ప్రతిని వేరుగా తీయవలెను. స్టీవ్ జాన్సన్ అను నాతడు మూలములోని తప్పును దిద్దెను గాని, క్రొత్త ప్రతి తీయబడలేదు. తప్పు లేని ప్రోగ్రాములో తప్పు వెదకుచు ఉదయమంతయు పోగొట్టుకొని, స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదికి వచ్చి మొఱపెట్టెను. ముందటి సాయంకాలము తనకును అదే ఇక్కట్టు కలిగియుండుటచే ఫెల్డ్‌మన్ ‘మేక్’ అను సాధనమును నిర్మించెను. ఏ ప్రతికి ఏది మూలమో ఒక ఫైలులో వ్రాసియుంచినచో, అది వాని కాలములను పోల్చి, మూలము క్రొత్తదైన చోటనే మరల ప్రతి తీయును.

ఇందొక వింత కలదు. ఆ ఫైలులో ఆజ్ఞాపంక్తి ‘ట్యాబు’ అను ఖాళీతోనే మొదలు కావలెనని నియమము. కంటికి అది మామూలు ఖాళీవలెనే యుండుటచే తప్పులకు తావిచ్చెను. దిద్దుదమన్న, అప్పటికే సుమారు పండ్రెండుగురు, అందు పెక్కుమంది మిత్రులే, దానిని వాడుచుండిరి. వారికి చిక్కు కలిగింప నొల్లక ఫెల్డ్‌మన్ ఊరకుండెను. నేటికిని సామాన్యముగా ఆ నియమమే చెల్లుచున్నది. తాళపత్రములలో లేఖకుని పొరపాటు పాఠమై నిలుచుట చూచిన నాకు ఇది ఆశ్చర్యము గొలుపలేదు.

స్క్రిప్టులు అను ఆజ్ఞాపత్రములకు వేరుగా ప్రతి తీయు పని లేదు. షెల్ అను మధ్యవర్తి వానిని చదువుచునే నెరవేర్చును. అయినను ఒకే ఆజ్ఞలను పది పత్రములలో నకలు వ్రాసినచో, దిద్దుబాటు పదిచోట్ల చేయవలసివచ్చును. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పునందు స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్‌లో దీనికి ఉపాయము ఒక చుక్క. చుక్క పెట్టి, ఎడము విడిచి, ఫైలు పేరు వ్రాసినచో అందలి ఆజ్ఞలు అచ్చటనే చదువబడును. కనుక పలు పత్రములకు కావలసినవి ఒక్క ఫైలులో నుంచిన చాలును. అట్టి తోడు ఫైళ్లు ‘లిబ్’ అను డైరెక్టరీలోను, స్వయముగా నడచునవి ‘బిన్’లోను ఉంచు వాడుక యూనిక్స్ సంప్రదాయమునుండి వచ్చినది. ‘బిన్’ అనగా యంత్రభాషలోని ప్రతు లుండు చోటని మొదటి యర్థము. ఇప్పుడు మనుష్యులు చదువగల స్క్రిప్టులును అందే యుండును.