సాంబ మసూరి వంశావళి

మా ఇంట్లో సన్నబియ్యమంటే బి.పి.టి. బియ్యమే. ఆ అక్షరాలు బాపట్లవని చాలామందికి తెలుసు. ఆ వరి వంశావళి ఎంత దూరం పోతుందో చూస్తే మాత్రం నాకు విస్మయం కలుగుతుంది.

1986లో విడుదలైన బి.పి.టి. 5204కు పూర్వీకులు ముగ్గురు. మొదటిది జి.ఇ.బి. 24. కోయంబత్తూరులో కోణమణి అనే రకంలో తనంత తానుగా మారి పొడసూపిన మొక్క, 1921 నాటిది, అన్నం నాణ్యతకు పేరుపొందినది. కిచ్చిలి సాంబ అనీ పిలిచేవారు. రెండవది తైవాను పొట్టి వరి, తైచుంగ్ నేటివ్ 1. ఎరువు వేసినా పడిపోదు. మూడవదైన మసూరి కథ విచిత్రం. 1950లలో కటకంలో మలయా రకాన్ని జపానికాతో సంకరించగా పుట్టి, మలయాకు పోయి, అక్కడ ఎంపికై, 1965లో మలే పేరుతో విడుదలై, తిరిగి మన పొలాలకు చేరింది. మైసూరుతో దానికి చుట్టరికం లేదు!

ఇంతటి పంటకూ ఒక శత్రువున్నది: ఎండాకు తెగులు. బాక్టీరియా వలన వచ్చేది గనుక చెప్పుకోదగ్గ మందు లేదు. గింజ పాలుపోసుకునే వేళ ఆకులు ఎండితే తాలు పెరిగి దిగుబడి పడిపోతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయమూ, సి.సి.ఎం.బి.యూ కలిసి మూడు నిరోధక జన్యువులను చేర్చిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సాంబ మసూరితోనే మళ్ళీ మళ్ళీ సంకరిస్తూ, డి.ఎన్.ఏ. ఆనవాళ్ళను బట్టి మొక్కలను ఏరుకున్నారు. ఆ మూడింటిలో ఎక్స్.ఏ. 21 అనేది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరిది. ఆ అడవివరికి తెగులును తట్టుకునే శక్తి ఉన్నదని 1970లలో గుర్తించినదీ కటకంలోనే.