బొజ్జ పాబ్లో ముందు స్టార్లంతా బలాదూర్.. 'బ్యాక్‌యార్డ్ స్పోర్ట్స్' గేమ్ కథ ఇదే!

పొట్టిగా ఉంటాడు. చొక్కా కిందనుంచి బొజ్జ కనిపిస్తుంటుంది. మాట్లాడేది స్పానిష్. చూస్తే వీడేం ఆడతాడులే అనిపిస్తుంది. కానీ బ్యాట్ పట్టాడంటే బంతి గోడ అవతల పడాల్సిందే! పేరు పాబ్లో శాంచెజ్. ముద్దుపేరు 'సీక్రెట్ వెపన్'. అసలు విషయం ఏంటంటే.. ఇలాంటి ఆటగాడు నిజంగా లేడు. 1997లో అమెరికాలో వచ్చిన 'బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్' అనే పిల్లల వీడియో గేమ్‌లో పాత్ర మాత్రమే. అదే గేమ్ సిరీస్‌లోకి తర్వాత నిజమైన ప్రొఫెషనల్ స్టార్లు కూడా వచ్చారు. అయినా అభిమానులకు ముందు గుర్తొచ్చేది పాబ్లోనే. ఎందుకలా? ఆ సిరీస్ వెనుక కథేంటి?

గేమ్ ఎవరు చేశారు?

ఈ సిరీస్‌ను మొదలుపెట్టిన కంపెనీ హ్యుమాంగస్ ఎంటర్‌టైన్‌మెంట్. రాన్ గిల్బర్ట్, షెల్లీ డే కలిసి 1992లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో దీన్ని పెట్టారు. గిల్బర్ట్ అంతకుముందు లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో 'మంకీ ఐలాండ్' చేసి పేరు తెచ్చుకున్నాడు. హ్యుమాంగస్‌లో పిల్లల కోసం 'పట్ పట్', 'ఫ్రెడ్డీ ఫిష్', 'పజామా శామ్' లాంటి కథల గేములు వచ్చాయి.

ఆ కథల గేములన్నీ 'స్కమ్' అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. 1987లో 'మేనియాక్ మ్యాన్షన్' కోసం తయారైన ఇంజిన్ అది. బొమ్మ మీద క్లిక్ చేస్తే పాత్ర కదలడం, మాట్లాడటం దాని పని. విశేషం ఏంటంటే, స్పోర్ట్స్ గేమ్‌ను కూడా హ్యుమాంగస్ దాని మీదే కట్టింది. అందుకే ఆడటం చాలా ఈజీ. బంతి వచ్చే టైమ్ చూసుకుని మౌస్ క్లిక్ చేస్తే చాలు. పది బటన్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. బేస్‌బాల్ రూల్స్ సరిగ్గా రాని చిన్నపిల్లలు కూడా ఆడేశారు.

30 మంది పిల్లలు.. సగం మంది అమ్మాయిలే

గేమ్ ఓపెన్ చేయగానే 30 మంది వీధి పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో 15 మంది అమ్మాయిలు, 15 మంది అబ్బాయిలు. అందరూ ఒకే జట్టులో కలిసి ఆడతారు. అమ్మాయిలకు వేరే టీమ్, వేరే రూల్స్ అంటూ ఏమీ లేవు. బౌలింగ్ లాంటి 'పిచింగ్'లో టాప్ ప్లేయర్లలో ఒకరు ఏంజెలా డెల్వెక్కియో. బలంగా కొట్టాలంటే కీషా ఫిలిప్స్ ఉండాల్సిందే.

కెన్నీ కవాగుచి వీల్‌చైర్‌లో ఆడతాడు. జాలి చూపించరు, స్పెషల్ రూల్ పెట్టరు. అందరిలాగే వాడూ ఒక ప్లేయర్, అంతే. చెల్లెలు విక్కీకి బ్యాలే డాన్స్ పిచ్చి. అక్మెద్ ఖాన్ చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ ఉంటాయి. వాడి తమ్ముడు అమీర్ కూడా జట్టులో ఉంటాడు. పీట్ వీలర్ గాలిలా పరిగెడతాడు కానీ ఏం చేస్తున్నాడో వాడికే తెలియదు. టెడ్డీ బేర్ వదలని లువాన్ లూయీ, నోరు మూయని స్టెఫనీ మోర్గాన్.. ఇలా ప్రతి ఒక్కరికీ సొంత గొంతు, సొంత అలవాటు, సొంత మ్యూజిక్.

ఇక్కడే గేమ్‌లోని అసలు కిటుకు ఉంది. ఆటకు ముందు ఇద్దరు కెప్టెన్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకోవాలి. మన గల్లీ క్రికెట్‌లో టీములు పంచుకున్నట్టే! మొదటి చాన్స్ వస్తే పాబ్లోను లాగేసుకోవాలి. లేదంటే అవతలివాళ్లు పట్టుకుపోతారు. మిగిలిన వాళ్లలో ఎవరు బాగా కొడతారు, ఎవరు పరిగెడతారు, ఎవరు పట్టుకుంటారో చూసి జట్టు కట్టాలి. అన్నీ వచ్చినవాడు ఒకడిద్దరే. కాబట్టి ఏదో ఒకటి వచ్చినవాళ్లతోనే మ్యాచ్ గెలవాలి. చివర్లో మిగిలిపోయే పిల్లల్ని కూడా తీసుకోక తప్పదు.

స్టేడియాలు కూడా వీధివే. 'టిన్ క్యాన్ ఆలీ', 'శాండీ ఫ్లాట్స్', 'సిమెంట్ గార్డెన్స్' అని పేర్లు. సన్నీ డే అనే పాప, విన్నీ ద గూచ్ అనే బాబు కామెంటరీ చెబుతారు. బాగా ఆడితే స్పెషల్ పవర్లు వస్తాయి. 'అండర్‌గ్రౌండర్' కొడితే బంతి నేలలోకి దూరి ఇంకోచోట తేలుతుంది. 'ఫైర్‌బాల్' వేస్తే మంటలతో దూసుకొస్తుంది.

స్టార్లు కూడా పిల్లలైపోయారు!

1998లో సాకర్, 1999లో అమెరికన్ ఫుట్‌బాల్ గేములు వచ్చాయి. ఈ ఫుట్‌బాల్ గేమ్‌తోనే సిరీస్ మలుపు తిరిగింది. జాన్ ఎల్వే, జెర్రీ రైస్, బ్యారీ శాండర్స్, బ్రెట్ ఫావ్ర్ లాంటి ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్లను బుల్లి పిల్లలుగా మార్చి ఇందులో పెట్టారు. స్టార్ల నిజమైన వయసుతో పని లేదు. పాబ్లో పక్కన నిలబడితే వాళ్లు కూడా వీధి పిల్లలే.

2000లో 'బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్ 2001' వచ్చింది. ఈసారి మేజర్ లీగ్‌లోని 30 జట్ల నుంచీ స్టార్లు దిగారు. కెన్ గ్రిఫీ జూనియర్, డెరెక్ జీటర్ ఉన్నారు. వరుసగా 2,632 మ్యాచ్‌లు ఆడి రికార్డు కొట్టిన కాల్ రిప్కెన్ జూనియర్ ఉన్నాడు. నిజ జీవితంలో 6 అడుగుల 10 అంగుళాల పొడవుండే పిచర్ ర్యాండీ జాన్సన్ కూడా ఇక్కడ చిన్న పిల్లాడే. సాకర్‌లో కోబి జోన్స్, బ్రాండీ చాస్టెయిన్, బాస్కెట్‌బాల్‌లో కెవిన్ గార్నెట్ కనిపించారు. 2002లో హాకీ, 2004లో స్కేట్‌బోర్డింగ్ కూడా వచ్చాయి.

ఆట ఏదైనా పాబ్లో మాత్రం టాపే. కోట్ల డాలర్ల కాంట్రాక్టులున్న స్టార్లు పక్కనే ఉన్నా, చాలామంది ముందుగా ఎంచుకునేది బొజ్జ పాబ్లోనే!

చేతులు మారింది.. చెల్లాచెదురైంది

గేమ్ హిట్టయినా కంపెనీ మాత్రం నిలబడలేదు. 1996లోనే హ్యుమాంగస్‌ను జీటీ ఇంటరాక్టివ్ కొనేసింది. 1999లో జీటీ ఇంటరాక్టివ్ ఫ్రాన్స్ కంపెనీ ఇన్ఫోగ్రామ్స్ చేతికి వెళ్లింది. 2001లో హ్యుమాంగస్‌లో భారీగా ఉద్యోగాలు పోయాయి. అమెరికాలోని ఆ సంస్థే తర్వాత అటారీ పేరు పెట్టుకుంది. 2013లో దివాలా పిటిషన్ వేసింది. దాంతో 'బ్యాక్‌యార్డ్' బ్రాండ్ మళ్లీ అమ్ముడుపోయింది.

ఈలోగా కొత్త గేములు వస్తూనే ఉన్నాయి. కానీ పిల్లల బొమ్మల రూపం మారింది. పాత 30 మందిలో చాలామంది మాయమయ్యారు. 2015లో స్టీఫెన్ కర్రీతో మొబైల్ బాస్కెట్‌బాల్ గేమ్ కూడా వచ్చింది. అయినా పాత ఊపు తిరిగి రాలేదు.

ఇక్కడ స్టార్లతో ఉన్న చిక్కును కూడా చెప్పుకోవాలి. నిజమైన ఆటగాడి పేరు, ముఖం వాడాలంటే అనుమతి ఉండాలి. జట్టు లోగోకు లీగ్ అనుమతి వేరే. ఆ ఒప్పందాల గడువు ముగిస్తే గేమ్‌ను మళ్లీ అమ్మడం కుదరదు. స్టార్లు రిటైర్ అవుతారు, జట్లు మారతారు. పాబ్లోకు రిటైర్మెంట్ లేదు. లైసెన్స్ గొడవ కూడా లేదు.

పాత సీడీ నుంచి ఫోన్ దాకా

మధ్యలో ఈ గేముల్ని బతికించింది ఎక్కువగా అభిమానులే. పాత సీడీలు దాచుకున్నారు. పాత గేముల్ని కొత్త కంప్యూటర్లలో నడిపించే 'స్కమ్ వీఎం' అనే ఉచిత ప్రోగ్రాం కూడా తోడైంది. వలంటీర్లు తయారుచేసిన ప్రోగ్రాం అది.

ఇక ఇటీవల బ్రాండ్‌ను లిండ్సే బార్నెట్ పెట్టిన ప్లేగ్రౌండ్ ప్రొడక్షన్స్ దక్కించుకుంది. అయితే పాత గేమ్ అసలు సోర్స్ కోడ్ వాళ్ల చేతికి రాలేదు. అంటే సినిమా ప్రింట్ ఉంది కానీ నెగెటివ్ లేనట్టు! మెగా క్యాట్ స్టూడియోస్‌తో కలిసి, ఉన్నదాని నుంచే మళ్లీ నడిచేలా చేశారు. 2024 అక్టోబర్‌లో 'బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్ 97' స్టీమ్‌లో రిలీజైంది. 2025లో మొబైల్‌కూ వచ్చింది.

ముందుగా తిరిగొచ్చింది స్టార్లు లేని గేమ్ అన్నది గమనించాలి. అందులో అందరూ ఊహలో పుట్టిన పిల్లలే కాబట్టి ఆటగాళ్ల అనుమతుల అవసరం రాలేదు. స్టార్లున్న 'బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్ 01' లీగ్ అనుమతితో 2025 జులైలో వచ్చింది. అందులో పిల్లలుగా కనిపించే స్టార్లు ఇప్పుడు నిజ జీవితంలో రిటైరైపోయారు.

1997లో ఆ గేమ్ ఆడిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. టీమ్ పంచుకునే స్క్రీన్ మాత్రం అప్పటిదే. మొదటి చాన్స్ ఎవరికి వస్తే వాళ్లదే పాబ్లో!